పీపాల ఊరిన జిన్ను రుచి ఎట్ల చూడాలె?

దేవరకొండ_45: అన్నలూ, ఓక్ కర్ర పీపాల పెట్టిన జిన్ను (జునిపర్ అనే గింజల వాసన పట్టించిన సారా) సీసా ఒకటుంది. ఆల్కహాల్ 45 శాతం, లేత పసుపు రంగు. ఐసు, టానిక్కు (చేదు సోడా) పోస్తే చేదు, వగరే తగులుతున్నయి. ఉత్తగ తాగితే ముక్కు మండుతుంది. ఎట్ల చూడాలె దీన్ని?

బత్తాయితోట: తప్పంతా టానిక్కుది. దాంట్ల క్వినైన్ చేదు, దీంట్ల పీపా వగరు. రెండూ కలిస్తే నాలుకకు ఇంకేం అందదు. ఐసుతోని వాసన ముడుచుకుంటది.

జిన్ను 18–20 డిగ్రీల దగ్గరుండాలె. మన దిక్కు ఎండకాలం గదిల వేడే 35 దాటుతది, ఆ వేడికి ఆల్కహాల్ ఆవిరే ముందు లేసి ముక్కును కొడుతది. సీసాను ఫ్రిజ్‌ల పెట్టి అంత సల్లగ కానియ్యుండ్రి, ఫ్రీజర్ల వద్దు. గ్లాసుకు కడుపు వెడల్పు, మూతి ఇరుకు ఉండాలె.

30 మి.లీ. పోసి రెండు నిమిషాలు వదిలేయుండ్రి. నోరు కొద్దిగ తెరిచి, గ్లాసు రెండు వేళ్ల దూరం పట్టుకొని వాసన చూడాలె. మొదటి గుక్క లెక్కల లేదు, అది నాలుకకు అలవాటు చేసేటందుకే. రెండోది అర చెంచా, నోట్లె పది సెకన్లు తిప్పాలె. తర్వాత 8, 9 మి.లీ. నీళ్లు పోస్తే 45 శాతం 35కు దిగుతది, మంట తగ్గి కింది వాసనలు పైకొస్తయి. నీళ్లు పోయంగనె మసక కమ్మితే కల్తీ అనుకోవద్దు. ఆల్కహాల్ తగ్గితే గింజల నూనెలు కరగక విడిపోతయి.

బోరు నీళ్లు మాత్రం పోయొద్దు. ఫ్లోరైడు గోస అటుంచితే, ఆ ఉప్పదనమే రుచిని మింగేస్తది.

పాలమూరు_ముక్కు: వాసనలు గుర్తుపట్టుడు వంటింట్లనే నేర్చుకోవచ్చు. పచ్చి ధనియాలు దంచితే వచ్చే నిమ్మ వాసన, బత్తాయి తొక్క గిచ్చితే చిమ్మే ఘాటు, ఇవి జిన్నువి. జునిపర్ మన తాన పండదు, ఆయుర్వేదంల హపుష అంటరు. పచారీ కొట్టుల దొరికితే నాలుగు గింజలు నలిపి చూసుకోండ్రి.

కుడుక, లవంగం, వెనిలా, కాలిన కర్ర, ఇవి పీపావి. కుడుక వాసన ఓక్‌ల ఉండే లాక్టోన్లనే వాసన పదార్థాలది. లవంగంల ఉండే యూజినాలే ఓక్‌లనూ ఉంటది. అంతకుముందు పీపాల ఏముండెనో అది కూడ తగులుతది: బీఫీటర్ అనే జిన్ను కంపెనీ వాళ్లు 2013ల తెచ్చిన బరోస్ రిజర్వ్ జిన్నును లిల్లే అనే ఫ్రెంచి వైన్ పీపాలల్ల పెట్టిన్రు. బోర్బన్ (అమెరికా విస్కీ) పీపా అయితే వెనిలా ఎక్కువ. కుడుక వెనక జునిపర్ దొరకాలె, దొరకకపోతే ఎంత ధరదైనా నేను మెచ్చ. రంగు చూసి మాత్రం నమ్మొద్దు, కారమెల్‌తోని గూడ పసుపొస్తది.

దేవరకొండ_45: మామూలు జిన్నుల చెక్క ముక్కలేసి ఇంట్లనే చేయొచ్చునా? టేకు ముక్కలున్నయి.

బత్తాయితోట: టేకు, వేప, తుమ్మ ఏదీ వద్దు తమ్మీ. తినేటివాటికి అమ్మే కాల్చిన ఓక్ ముక్కలే తెచ్చుకో. గాజు సీసాల లీటరుకు 3 గ్రాములు చాలు. చిన్న ముక్కల సారం పీపా కన్న మస్తు తొందరగ దిగుతది, అందుకే రెండో రోజు నుంచి రోజూ ఒక చెంచా చూడాలె. జునిపర్ సన్నగిల్లుతుందనిపిస్తే అదే రోజు కాఫీ ఫిల్టర్‌ల వడగట్టు. వగరు ఎక్కితే మళ్ల దిగదు, మామూలు జిన్ను కలిపి పలచన చేసుడే.

ఇప్పుడున్న సీసాను స్వీట్ వెర్మూత్ (మూలికలేసిన తీపి వైన్) తోని సమానంగ కలిపి, పైన బత్తాయి తొక్క పిండి చూడు.