జేమ్స్ రూస్ సంతతిని 1856కు ముందటి రికార్డుల్లో గుర్తించడం ఎలా?

సిడ్నీలోని హారిస్ పార్కులో మా పక్కింటి పెద్దావిడ, తమది జేమ్స్ రూస్ వంశమని ఇంట్లో చెప్పగా వింటూ పెరిగారట. దానికి ఆధారాలు వెతకడంలో ఆమెకు సాయపడుతున్నాను.

ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్‌కు చెందిన రూస్‌కు 1782లో దొంగతనం నేరంపై పడిన మరణశిక్షను ఏడేళ్ల ద్వీపాంతరవాసంగా మార్చారు. 1788లో స్కార్‌బరో ఓడలో, బ్రిటిష్ ఖైదీల వలస రాజ్యమైన న్యూ సౌత్ వేల్స్ చేరి, గవర్నర్ ఫిలిప్ అప్పగించిన నేలలో పంట పండించి చూపి, 1792లో 30 ఎకరాల పట్టా పొందాడు. మరుసటి ఏడాదే దాన్ని సర్జన్ జాన్ హారిస్ కొన్నాడు. మా పేటకు ఆయన పేరే మిగిలింది. 1790లో రూస్ పెళ్లాడిన ఎలిజబెత్ పెర్రీ కూడా ఖైదీగా వచ్చినదే. 1837లో మరణించిన అతని సమాధిరాయి మీద, ఈ వలస రాజ్యంలో తొలి గింజ చల్లింది తానేనని చెప్పే పద్యం తప్పుల తడకైన స్పెల్లింగులతో ఉంది. ముచ్చటైనదే గాని వంశానికి ఆధారం కాదు.

జనన, మరణ, వివాహాల ప్రభుత్వ నమోదు 1856లోనే మొదలైంది కనుక, అంతకు ముందటివాటికి చర్చి రిజిస్టర్లే దిక్కు. పెళ్లితో ఇంటిపేరు మారిన కూతుళ్లను వాటిలో ఎలా గుర్తించాలి? 1801లో స్వేచ్ఛగా వచ్చి స్థిరపడిన రిచర్డ్ రౌస్ కుటుంబంతో ఈ ఇంటిపేరు కలిసిపోకుండా, 1828 జనగణనలోని ఏ వివరాలతో సరిచూసుకోవాలి? ఇలాంటి వెతుకులాటలో అనుభవమున్నవారు దయచేసి చెప్పగలరు.