అమెరికా బాస్కెట్‌బాల్ లీగు ఎన్‌బీఏలో మళ్లీ లాకౌట్ వస్తుందా? 2011 లాకౌట్ చూసినవాళ్లు చెప్పండి

ఇర్వింగ్_కిరణ్
ఆఫీసులో లంచ్ దగ్గర మొదలైన వాదన ఇక్కడికి తెస్తున్నా. ఓనర్లకీ ఆటగాళ్ల సంఘానికీ మధ్య ఇప్పుడున్న ఒప్పందం 2029-30 సీజన్ దాకా ఉంది, కానీ 2028-29 అయ్యాక ఏ పక్షమైనా బయటికి రావచ్చు. అప్పుడు మళ్లీ తాళాలు వేస్తారా? 2011లో నేను కాకినాడలో ఇంజనీరింగ్ చదువుతున్నా, అప్పట్లో ఇదంతా పట్టించుకోలేదు. మూడు సంగతులు కావాలి. లీగు ఆదాయంలో ఆటగాళ్ల వాటా 57 శాతం నుంచి సగానికి పడిపోతుంటే ఎందుకు ఒప్పుకున్నారు? సీజన్ టికెట్ల డబ్బులు వెనక్కిచ్చారా? బెంచ్ మీద కూర్చునే మినిమం జీతం వాళ్ల సంగతేమైంది?

మావ్స్_మూర్తి
2011 అంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. జూన్ 12న మియామీలో మా డల్లాస్ కప్పు గెలిచింది. జూలై 1న లాకౌట్. సంబరమైనా సరిగ్గా చేసుకోనివ్వలేదు. బ్యానర్ ఎగరేసింది క్రిస్మస్ రోజున, ఎదురుగా మళ్లీ అదే మియామీ! బ్యానర్ పైకి వెళ్లిన కాసేపటికే చితక్కొట్టి పోయారు. 105-94 అన్న స్కోరు చూసి మ్యాచ్ దగ్గరగా వచ్చిందనుకోకండి.

అసలు దెబ్బ మా టైసన్ చాండ్లర్ పోవడం. కొత్త ఒప్పందంలో లగ్జరీ ట్యాక్స్ (జీతాల మొత్తం గీత దాటితే టీమ్ కట్టే జరిమానా) బిగించేసరికి మావాళ్లు లెక్కలేసుకుని అతన్ని వదిలేశారు, న్యూయార్క్ ఎగరేసుకుపోయింది. బరేయా మినెసోటాకి పోయాడు. గెలిచిన టీమును సంతకాలతో విప్పేశారు. మళ్లీ ఫైనల్ మొహం చూడటానికి 2024 దాకా ఆగాల్సొచ్చింది.

చార్లెట్_సుబ్బు
మూర్తి గారూ, మీకు కప్పయినా వచ్చింది. మాకు జోర్డాన్ వచ్చాడు.

1998 లాకౌట్‌లో ఇదే జోర్డాన్ ఆటగాళ్ల వైపు కూర్చుని, వాషింగ్టన్ ఓనర్ ఏబ్ పోలిన్‌తో నష్టమొస్తుంటే టీమ్ అమ్మేసుకోమన్నాడు. 2011 నాటికి తనే మా చార్లెట్ ఓనర్. ఆటగాళ్ల వాటా ఇంకా తగ్గించాలని పట్టుబట్టినవాళ్లలో ముందు వరసలో ఉన్నాడని అప్పుడు పేపర్లన్నీ రాశాయి. కుర్చీ మారితే మాట మారింది. 2023లో సుమారు 300 కోట్ల డాలర్ల విలువకి టీమ్ అమ్మేశాడు. కొన్నప్పుడు 27 కోట్ల చిల్లర. నష్టాలు అంటే ఇవే అయితే నాకూ కొన్ని ఇప్పించండి.

గోదారి_డంక్
జోర్డాన్ మీద ఏడవటం ఫ్యాషన్ అయిపోయింది. చిన్న ఊళ్ల టీమ్ నడపడం తెలుసా నీకు? ఆడేవాడు గెలిచినా ఓడినా జీతం తీసుకుంటాడు. ఓనర్ అప్పు తెచ్చి పెడతాడు. 30 టీముల్లో 22 నష్టాల్లో ఉన్నాయని అప్పటి లీగు కమిషనర్ డేవిడ్ స్టెర్న్ ఊరికే అన్నాడా? ఏడాదికి 30 కోట్ల డాలర్ల నష్టం.

లెడ్జర్_మాధవి
ఊరికే అనలేదు, లెక్కలు అలా రాయించుకున్నారు కాబట్టి అన్నాడు. నేను సీపీఏని, అంటే అకౌంటెంట్‌ని, టీముల అమ్మకాల్లో పుస్తకాలు చూసిన దానిని, కాబట్టి కాస్త వినండి.

టీమ్ కొన్న ధరలో దాదాపు మొత్తాన్ని 15 ఏళ్లలో ఖర్చుగా రాసుకోవచ్చు. 2004 నుంచి అమెరికా పన్ను చట్టం ఇచ్చిన సదుపాయం ఇది. ఆటగాడి మోకాలు అరిగితే ఆటగాడికి పైసా తగ్గింపు రాదు, ఓనర్‌కి మాత్రం ఆటగాళ్లు అరిగిపోతున్న ఆస్తి కింద లెక్క. దానికి తోడు టీమ్ కొనడానికి తెచ్చిన అప్పు మీద వడ్డీ. ఇలాంటి పద్దులు నష్టం అంకెలో ఎంత కలిపారన్న దాని మీదే లీగుకీ సంఘానికీ గొడవ. నేను చెప్పేది ఒక్కటే: నిజంగా నగదు పోయిన టీములూ ఉన్నాయి, కాగితం మీద పోయినవీ ఉన్నాయి. రెంటినీ ఒకే బస్తాలో కట్టి 22 అన్నారు.

ఇంకో మాట. అంత నష్టాల వ్యాపారమే అయితే 2010లో గోల్డెన్ స్టేట్‌ని అప్పటిదాకా ఏ టీముకీ రాని ధరకి, 45 కోట్ల డాలర్లకి, ఎగబడి ఎందుకు కొన్నారు?

గోదారి_డంక్
మేడమ్, పుస్తకాలు మీకొక్కరికే చదవడం వచ్చినట్టు మాట్లాడకండి. అమ్మితే వచ్చే లాభం వేరు, ఈ నెల జీతాలు ఇవ్వడం వేరు. ఇల్లు కోటి పలుకుతుందని కిరాణా కొట్టువాడు అప్పు మాఫీ చేస్తాడా?

లెడ్జర్_మాధవి
చెయ్యడు. కానీ ఆ ఇల్లు చూపించి బ్యాంకులో అప్పు తెచ్చుకోవచ్చు. జీతం మీద బతికే ఆటగాడికి ఆ ఇల్లు లేదు. తేడా అక్కడే ఉంది.

పార్కింగ్_రాజు
కిరణ్ బ్రో, నీ రెండో ప్రశ్నకి జవాబు. మేం సీజన్ టికెట్లు తీసుకున్న టీములో రద్దయిన మ్యాచ్‌ల డబ్బు వెనక్కి తీసుకోమన్నారు, లేదా ఖాతాలో ఉంచితే వచ్చే ఏడాదికి సర్దుతామన్నారు. టికెట్ కొన్నవాడికి పెద్దగా నష్టం లేదు.

నష్టం మా మావయ్యకి. ఊరి పేరు వద్దులే. అరీనాకి రెండు వీధుల అవతల పార్కింగ్ లాట్ లీజుకి తీసుకున్నాడు. మ్యాచ్ ఉన్న రోజు కారుకి 20 డాలర్లు, అదే అతని లాభం. మిగతా రోజుల్లో వచ్చేది లీజుకే చాలదు. నవంబర్‌లో ఆ చలికి జాకెట్ వేసుకుని, అట్టముక్క మీద రాసిన 20ని కొట్టేసి 8 అని రాసి, మడతకుర్చీలో కూర్చునేవాడు. ఆఫీసులవాళ్లు అయిదింటికే వెళ్లిపోయేవాళ్లు, ఆ తర్వాత ఒక్క కారు వస్తే ఒట్టు. టీవీలో ఓనర్లనీ ఆటగాళ్లనీ చూపిస్తారు గానీ పాప్‌కార్న్ అమ్మేవాళ్లనీ, సీట్లు తుడిచేవాళ్లనీ ఏ చర్చకీ పిలవలేదు. వాళ్లకి పోయిన కూలి ఇచ్చిన నాథుడు లేడు.

మిల్లు_గేటు
రాజు గారు రాసింది చదివాక నేనూ రాయాలనిపించింది. మాది విజయనగరం వైపు, మా నాన్న జ్యూట్ మిల్లులో చేసేవారు. లాకౌట్ అంటే మా ఇంట్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు. పొద్దున షిఫ్టుకి వెళ్తే గేటుకి టైపు చేసిన కాగితం అంటించి ఉండేది, విప్పని టిఫిన్ క్యారియర్‌తో వెనక్కి వచ్చేసేవారు.

అందుకే ఆటగాళ్లదే మొండితనం అని ఎవరైనా అంటే ఒళ్లు మండుతుంది. 1995, 1998, 2011, ప్రతిసారీ తాళం వేసింది ఓనర్లు. సమ్మె వల్ల ఎన్‌బీఏ సీజన్‌లో ఒక్క మ్యాచ్ కూడా పోలేదు. 1998-99లో 464 మ్యాచ్‌లు పోయాయి, అవన్నీ ఓనర్లు మూసినవే.

గోదారి_డంక్
అన్నా, మీ నాన్నగారి మీద గౌరవంతోనే చెప్తున్నా, ఈ పోలిక బాగాలేదు. నెలకి మూడు నాలుగు లక్షల డాలర్లు తీసుకునేవాళ్లని మిల్లు కార్మికుల పక్కన నిలబెడతారా? 1998లో ప్యాట్రిక్ ఈవింగ్ ఏమన్నాడు? మేం బాగా సంపాదిస్తాం, బాగా ఖర్చూ పెడతాం అన్నాడు. సంఘం అధ్యక్షుడు! దేశమంతా నవ్వింది.

మిల్లు_గేటు
జీతం పెద్దదయితే హక్కు చిన్నదవుతుందా? పోనీ బిలియనీర్ పక్కన ఆటగాణ్ణి నిలబెట్టి చూడండి, ఎవరు కూలివాడో తెలుస్తుంది. 1964 ఆల్‌స్టార్ మ్యాచ్ రోజున బోస్టన్‌లో బిల్ రస్సెల్, జెర్రీ వెస్ట్, ఆస్కార్ రాబర్ట్‌సన్ లాంటి వాళ్లు పింఛను హామీ ఇస్తే గానీ బయటికి రామని డ్రెస్సింగ్ రూమ్ తలుపేసుకుని కూర్చున్నారు. లేకర్స్ ఓనర్ బాబ్ షార్ట్ తన ఆటగాళ్లకి బెదిరింపు కబురు పంపాడు. టీవీ ప్రసారం టైమ్ మీదకొచ్చేసరికి కమిషనర్ మాటిచ్చాడు, అప్పుడు ఆడారు. ఇవాళ మీరు చెప్పే లక్షల జీతాల వెనక ఆ తలుపు ఉంది.

గోదారి_డంక్
కథలు బాగానే చెప్తావ్. తలుపేసుకుని బెదిరిస్తే పోరాటం, ఓనర్ తలుపేస్తే అన్యాయం. పార్టీ ఆఫీసులో ప్రసంగంలా ఉంది.

మిల్లు_గేటు
నోరు జాగ్రత్త తమ్ముడూ. గేటు బయట నిలబడ్డవాడి కొడుకుతో మాట్లాడుతున్నావ్.

అడ్మిన్_శేషు
ఇద్దరూ ఆపండి. ఇళ్లదాకా వెళ్లొద్దు. తర్వాతి పోస్టు నుంచి తీసేస్తాను.

ఫీవర్_శ్రావణి
మీరంతా మగవాళ్ల లీగు దగ్గరే ఆగిపోయారు. 2025 జూలైలో ఇండియానాపోలిస్ ఆల్‌స్టార్ మ్యాచ్‌కి ముందు ఆడవాళ్ల లీగు డబ్ల్యూఎన్‌బీఏ ఆటగాళ్లు మాకు రావాల్సింది మాకివ్వండని రాసిన టీషర్టులు వేసుకొచ్చారు, ఎవరైనా చూశారా? ఆ లీగు పెద్ద స్టార్ కెయిట్లిన్ క్లార్క్ మొదటి ఏడాది జీతం 76,535 డాలర్లు. ఇక్కడ చాలామంది హెచ్1బీ జీతం అంతకన్నా ఎక్కువ. అది ఏ వాటా లెక్కన ఇచ్చారో మాధవి గారు చెప్తారా?

లెఫ్టీ_లేఅప్
చికాగో స్టార్ డెరిక్ రోజ్ మోకాలు గుర్తుందా ఎవరికైనా? లాకౌట్ అయ్యాక ఒక్కో టీముకి 66 మ్యాచ్‌లని నాలుగు నెలల్లో కుక్కారు, కొన్నిసార్లు వరసగా మూడు రోజులు మూడు మ్యాచ్‌లు. ప్లేఆఫ్స్ మొదటి మ్యాచే, 2012 ఏప్రిల్ 28, గెలిచిపోయిన మ్యాచ్‌లో చివర్లో పడిపోయాడు. అదే రోజు ఇమాన్ షంపర్ట్‌కీ అదే గాయం. స్టెర్న్ చేతులకి ఆ మరక పోదు.

బే_ఏరియా_బాబాయ్
రోజ్ అంతకుముందు నుంచే ఆ ఏడాది గాయాలతో ఉన్నాడమ్మా. ప్రతిదీ లాకౌట్ ఖాతాలో రాయకండి.

ఆ వేసవిలో మంచి కూడా జరిగింది. పనిలేక స్టార్లంతా వీధి కోర్టులకి వచ్చేశారు. న్యూయార్క్ రకర్ పార్కులో అప్పటి ఓక్లహోమా స్టార్ డురాంట్ 66 పాయింట్లు కొట్టిన వీడియో ఎన్నిసార్లు చూశానో. చివర్లో జనం కోర్టులోకి దూకేశారు.

లెఫ్టీ_లేఅప్
బాబాయ్, డురాంట్ గురించి మొదలెట్టకు. 2016లో టీవీ డబ్బు ఒక్కసారిగా పడి క్యాప్, అంటే టీమ్ జీతాల పరిమితి, 7 కోట్ల డాలర్ల నుంచి 9.4 కోట్లకి ఎగిరింది. మెల్లమెల్లగా పెంచుదామని లీగు అంటే సంఘం వద్దంది. ఆ ఖాళీలోనే మీ గోల్డెన్ స్టేట్ వాళ్లు అతన్ని లాక్కున్నారు. నేను ఓక్లహోమాలో ఎంఎస్ చేశాను, ఆ జూలై 4 పొద్దున నాకు తెలుసు.

బే_ఏరియా_బాబాయ్
ఆ ఏడాది సిరీస్‌లో మా మీద 3-1 ఆధిక్యం మీరు వదులుకోకుండా ఉంటే అతను మీ దగ్గరే ఉండేవాడేమో!

చైనా_సెంటర్
ఎవరూ చెప్పనిది ఒకటి. 2011లో చైనా వెళ్లినవాళ్ల పరిస్థితి. అక్కడి లీగు మధ్యలో వదిలి వెళ్లే వీలు లేకుండా ఒప్పందం రాయించుకుంది. జేఆర్ స్మిత్, విల్సన్ చాండ్లర్, కెన్యన్ మార్టిన్, ఆరన్ బ్రూక్స్ వెళ్లారు. నవంబర్ చివర్లో లాకౌట్ తేలిపోయేసరికి ఇక్కడ అందరూ క్యాంపులకి పరిగెత్తుతుంటే వీళ్లు అక్కడే ఇరుక్కున్నారు. టర్కీ వెళ్లిన డెరన్ విలియమ్స్ మాత్రం వెనక్కి వచ్చే షరతు పెట్టించుకున్నాడు కాబట్టి హాయిగా వచ్చేశాడు. సంతకం పెట్టేముందు నోటీస్ పీరియడ్ చదవాలి, మన బాండు ఉద్యోగాల్లాగే.

లెడ్జర్_మాధవి
కిరణ్ గారి మొదటి ప్రశ్న అలాగే ఉండిపోయింది. ఎందుకు ఒప్పుకున్నారంటే, క్యాలెండర్ ఓనర్ల వైపు ఉంది. ఆటగాళ్లకి జీతం నెలలో 1న, 15న పడుతుంది, సీజన్ మొదటి చెక్కు నవంబర్ 15. అంతకుముందు సీజన్ జీతాల్లోంచి ఎస్క్రోలో, అంటే విడి ఖాతాలో, పట్టుకున్న 8 శాతం, దాదాపు 16 కోట్ల డాలర్లు, పూర్తిగా వెనక్కి వచ్చింది కాబట్టి వేసవి గడిచింది. నవంబర్ 14న సంఘాన్ని పక్కన పెట్టి యాంటీట్రస్ట్ (గుత్తాధిపత్యాన్ని అడ్డుకునే చట్టం) కేసులకి సిద్ధమయ్యారు. మర్నాడు చెక్కు రాలేదు. నవంబర్ 26 తెల్లవారుజామున ఒప్పందం.

లెక్క చూడండి. ఆదాయం 400 కోట్ల డాలర్ల చుట్టూ ఉంటే, ఒక శాతం అంటే 4 కోట్లు. చివరికి గొడవంతా 50కీ 52.5కీ మధ్య, ఏడాదికి 10 కోట్లు. పోయిన 16 మ్యాచ్‌ల జీతాలు సుమారు 40 కోట్లు. అంటే గెలిచినా నాలుగేళ్ల వాటా ముందే పోయినట్టు. అందులో సగటు కెరీర్ అయిదేళ్లు కూడా ఉండని ఆటగాడు ఎంత కాలం ఆగుతాడు? చేతికొచ్చింది మొదటి ఏడాదికి 51 పైచిలుకు, ఆ తర్వాత 49కీ 51కీ మధ్య.

మిల్లు_గేటు
అదే కదా నేను మొదట్నుంచీ చెప్తున్నది. ఎవరి దగ్గర ఎక్కువ రోజుల బియ్యం ఉందో వాళ్లదే గెలుపు.

గోదారి_డంక్
ఒప్పందం మీద సంతకం ఇద్దరూ పెట్టారు. సంఘం నడిపిన బిల్లీ హంటర్‌ని తర్వాత పీకేసింది కూడా ఆటగాళ్లే. ఓనర్లు కాదు.

చార్లెట్_సుబ్బు
జోర్డాన్ సంగతికి మాత్రం జవాబు లేదు నీ దగ్గర.

గోదారి_డంక్
ఆరు ఛాంపియన్‌షిప్ ఉంగరాలు. అదీ జవాబు.

ఇర్వింగ్_కిరణ్
అందరికీ థాంక్స్. మరి 2029లో? ఇప్పుడు 11 ఏళ్లకి 7,600 కోట్ల డాలర్ల టీవీ డీల్ ఉంది కదా, ఇంత డబ్బులో గొడవపడతారా? మినిమం జీతం వాళ్ల గురించి కూడా ఎవరూ చెప్పలేదు.

మావ్స్_మూర్తి
డబ్బు ఎక్కువైతేనే గొడవ బాబూ. ఇప్పుడు జీతాల మొత్తానికి క్యాప్ పైన సెకండ్ ఏప్రన్ అని ఇంకో గీత పెట్టారు, అది దాటితే ట్రేడ్‌ల మీద గట్టి ఆంక్షలు. పేరుకి క్యాప్ మెత్తనిదే, అంటే దాటడానికి వీలున్నదే, నడిచేది దాటరాని గట్టిదానిలా. 2011లో ఓనర్లు అడిగి వదిలేసిన ఆ గట్టి క్యాప్ లాంటిదే 2023లో ఒక్క మ్యాచ్ పోకుండా దొరికింది. ఇక తాళం వెయ్యాల్సిన పనేముంది? ఈసారి ఆటగాళ్లే లేస్తారేమో.

ఫీవర్_శ్రావణి
నా పోస్టు ఎవరూ ముట్టుకోలేదని గమనించాను. 2029 ఊహలెందుకు? డబ్ల్యూఎన్‌బీఏ ఆటగాళ్లు 2024 అక్టోబర్‌లోనే పాత ఒప్పందం నుంచి బయటికొచ్చారు. ఏడాదికి దాదాపు 20 కోట్ల డాలర్ల టీవీ డీల్ వచ్చింది, క్లీవ్‌లాండ్, డెట్రాయిట్, ఫిలడెల్ఫియా ఒక్కొక్కటీ కొత్త టీముకి 25 కోట్ల డాలర్లు కట్టడానికి సిద్ధపడ్డాయి. ఇక్కడ ఓనర్లు నష్టాలంటే మాధవి గారి 15 ఏళ్ల లెక్క వర్తిస్తుందా లేదా? విడిగా థ్రెడ్ పెడుతున్నా. జోర్డాన్ గురించి మాట్లాడేవాళ్లు ఇక్కడే ఉండండి, రావద్దు.

చార్లెట్_సుబ్బు
లింక్ ఇవ్వండి మేడమ్, జోర్డాన్ గురించి ఒక్క ముక్క కూడా రాయను.

గోదారి_డంక్
వాడు రాస్తాడు. నేనూ వస్తున్నా.