హ్యాండ్‌లోడ్స్ టెస్ట్ చేసేటప్పుడు బారెల్ ఎన్ని షాట్లకోసారి క్లీన్ చేయాలి?

ప్రశ్న:

అందరికీ నమస్కారం. నాది .308 బోల్ట్ యాక్షన్, ఫ్యాక్టరీ బారెల్. తూటాలు నేనే చేసుకుంటాను (హ్యాండ్‌లోడ్స్ అంటే అవే). 168 గ్రెయిన్ (బుల్లెట్, పౌడర్ తూచే చిన్న కొలత) మ్యాచ్ బుల్లెట్‌కి సరిపోయే లోడ్, అంటే పౌడర్, బుల్లెట్ కూర్పు కోసం వెతుకుతున్నాను. పౌడర్ ఒక్కటే, తూకాలు ఐదు. తూకానికీ తూకానికీ 0.3 గ్రెయిన్ తేడా, ఒక్కోదానికి 5 షాట్లు. దూరం 100 మీటర్లు. ముందు బైపాడ్, వెనక ఇసుక సంచి.

ఒక గ్రూప్ (ఒకే గురికి కొట్టిన ఐదు షాట్లు) అయిపోగానే కాపర్ సాల్వెంట్ (రాగిని కరిగించే ద్రవం) వేసి, ప్యాచ్ (తుడిచే గుడ్డ ముక్క) తెల్లగా వచ్చేదాకా తుడిచి, అప్పుడు తర్వాతి తూకానికి వెళ్తున్నాను. ఏ లోడ్‌కీ అన్యాయం జరగకూడదు, అన్నీ ఒకే రకమైన బారెల్‌లోంచి పోవాలి అన్నది నా ఆలోచన. అయినా ఏదీ తేలడం లేదు. దాదాపు ప్రతి గ్రూప్‌లో మొదటి ఒకటి రెండు షాట్లు విడిగా పడుతున్నాయి, మిగతావి ఒకచోట కూడుతున్నాయి. క్రోనోగ్రాఫ్‌లో మొదటి షాట్ స్పీడ్ కూడా మిగతావాటికంటే తేడాగా ఉంటోంది. పోయినసారి బాగా పడిన తూకం ఈసారి చెదిరిపోయింది.

రేంజ్‌లో ఒకరు పది షాట్లకోసారి తుడవమంటారు. ఇంకొకరు గ్రూప్ చెడేదాకా ముట్టుకోవద్దంటారు. ఇద్దరూ బాగా కొట్టేవాళ్ళే. ఎవరి మాట వినాలో చెప్పండి.

మొదటి జవాబు:

మీ రైఫిల్ మీకు చెప్పాల్సింది చెప్పేసింది. మొదటి రెండు విడిగా, మిగతా మూడు ఒకచోట అన్నారు కదా, అది లోడ్ గుణం కాదు, పూర్తిగా తుడిచిన బారెల్ గుణం. తళతళలాడే ఉక్కు మీద మొదటి బుల్లెట్‌కి తగిలే రాపిడి వేరు. కొన్ని షాట్లు పోయాక రైఫ్లింగ్ గాడుల్లో పలుచగా మసి, దానితోపాటు బుల్లెట్ తొడుగులోని రాగి పరుచుకుంటాయి. ఆ పొర కుదిరాకే స్పీడూ, షాట్ పడే చోటూ కుదురుతాయి. మామూలుగా దీనికి 2 నుంచి 5 షాట్లు చాలు. ఫ్యాక్టరీ బారెల్‌లో రాగి మొత్తం లాగేస్తే ఇంకా ఎక్కువే పట్టవచ్చు.

అంటే మీరు కొట్టే ఐదింటిలో మొదటి రెండు బారెల్‌ని కుదర్చడానికే పోతున్నాయి. మిగిలింది మూడు షాట్ల గ్రూప్. మూడు షాట్ల గ్రూప్‌ని నమ్మడం ప్రమాదం. ఒకే రైఫిల్, ఒకే లోడ్ అయినా ఐదు షాట్ల గ్రూప్ సగటున మూడు షాట్ల గ్రూప్ కంటే పాతిక శాతం పైనే పెద్దగా వస్తుంది. పది షాట్లదైతే సగానికి మించి పెద్దది. పోయినసారి గెలిచిన తూకం ఈసారి ఓడిపోవడంలో ఇదీ ఉంది.

మీ ఉద్దేశం మంచిదే. అన్ని లోడ్లకీ ఒకే స్థితి ఉండాల్సిందే. కానీ ఆ స్థితి కడిగిన బారెల్ కాకూడదు, కుదిరిన బారెల్ కావాలి. కాబట్టి లోడ్‌కీ లోడ్‌కీ మధ్య అసలు తుడవకండి. టెస్ట్ మొదలుపెట్టే ముందు ఒకసారి తేలిగ్గా శుభ్రం చేసి, అదే పౌడర్, అదే బుల్లెట్‌తో చేసిన మామూలు లోడ్ ఐదు షాట్లు పక్క టార్గెట్ మీద కొట్టేయండి. వాటిని లెక్కలోకి తీసుకోవద్దు. తర్వాత మీ 25 షాట్లూ వరసగా పూర్తి చేయండి. ఏ లోపమూ లేని మామూలు .308 బారెల్ 30 షాట్లకే గ్రూప్ చెడగొట్టడం అరుదు.

కొట్టే వరస కూడా మార్చండి. టార్గెట్ మీద ఐదు చుక్కలు పెట్టి, మొదటి తూకం ఒక షాట్ మొదటి చుక్కకి, రెండో తూకం ఒక షాట్ రెండో చుక్కకి, అలా అయిదూ ఒక చుట్టు రండి. రెండో చుట్టు చివరి నుంచి వెనక్కి రండి. ఇలా ఐదు చుట్లు తిరిగితే మసి, వేడి, గాలి, మీ భుజం అలసట అన్నీ ఐదు లోడ్లకీ దాదాపు సమానంగా పంచుకున్నట్టవుతుంది. ఒకే తూకం ఐదూ ఒకేసారి కొడితే చివరి తూకానికి వేడెక్కి మసిపట్టిన బారెల్ దక్కుతుంది, అప్పుడు ఏది దేని తప్పో తెలియదు.

ఒక్క జాగ్రత్త. ఐదు తూకాలూ మీ రైఫిల్‌లో సురక్షితమేనని ముందే తేలి ఉంటేనే ఇలా కలిపి కొట్టండి. కొత్త తూకాల్ని మొదటిసారి పరీక్షించేటప్పుడు మాత్రం మాన్యువల్‌లో ఇచ్చిన ప్రారంభ తూకం నుంచి మెల్లగా పైకే వెళ్ళాలి. కాల్చిన ప్రతి కేస్‌నీ (తూటా ఇత్తడి గుల్లని) చేతిలోకి తీసుకుని చూశాకే తర్వాతిది.

అడిగిన సభ్యుడు:

అన్నా, చాలా థ్యాంక్స్. చుట్లుగా కొట్టే పద్ధతి నాకు తట్టనే లేదు. తూకాలన్నీ పోయినసారే పైకెక్కుతూ చూశాను, ప్రెషర్ మరీ పెరిగిన గుర్తులేమీ లేవు. అయితే అసలు ప్రశ్న మిగిలే ఉంది. 25 షాట్ల టెస్ట్ అయిపోయిందనుకోండి, వచ్చే వారం సీటింగ్ డెప్త్ (బుల్లెట్ కేస్‌లోకి ఎంత లోతు దిగాలో) చూస్తాను. మధ్యలో తుడవాలా, వద్దా?

ఇంకో సభ్యుడు:

నేను బెంచ్‌రెస్ట్ (బల్ల మీద రైఫిల్ ఆనించి అతి చిన్న గ్రూప్ కోసం కొట్టే పోటీ) కొడతాను. మాలో చాలామంది 15, 20 షాట్లకే బ్రష్ పట్టుకుంటారు. తుడవకపోతే ఛాంబర్ ముందున్న మసి గట్టిపడిపోతుంది, తర్వాత దాన్ని వదిలించడం పెద్ద పని. గ్రూప్ చెడేదాకా ఆగడమంటే అప్పటికే ఆలస్యమైనట్టు. నా మాట వినండి, తరచూ తేలిగ్గా తుడవండి.

మొదటి జవాబు ఇచ్చిన సభ్యుడు:

మీరన్నది మీ ఆటకి నూటికి నూరుపాళ్ళు సరి. మీ బారెళ్ళు చేత్తో ల్యాప్ చేసినవి, లోపల నున్నగా ఉంటాయి, రాగి పెద్దగా పట్టదు. పైగా తుడిచాక సైటర్ టార్గెట్ మీద కావలసినన్ని షాట్లు కొట్టి, బారెల్ కుదిరిందని చూసుకున్నాకే రికార్డ్ టార్గెట్‌కి వెళ్తారు. అటువైపు చాలా దూరాలకు కొట్టే ప్రెసిషన్ రైఫిల్ వాళ్ళని చూడండి, 200 షాట్లు దాటినా తుడవనివాళ్ళు ఉన్నారు. మ్యాచ్ మధ్యలో కుదర్చుకునే వీలు వాళ్ళకి లేదు. ఇద్దరి అంకెలూ వాళ్ళవాళ్ళ బారెల్‌కీ, ఆటకీ పుట్టినవి. అరువు తెచ్చుకుంటే పనికిరావు.

కాబట్టి అడిగినవారు మీ బారెల్ అంకె మీరే కనుక్కోండి. ఇప్పటికే నమ్మకమైన లోడ్ ఒకటి తీసుకోండి, ఫ్యాక్టరీ మ్యాచ్ అమ్యునిషన్ అయినా ఫరవాలేదు. తుడిచిన బారెల్‌తో మొదలుపెట్టి ఐదేసి షాట్ల గ్రూపులు కొడుతూ పోండి. ప్రతి చుక్క పక్కన ఆఖరిసారి తుడిచాక అది ఎన్నో షాటో రాయండి: 1–5, 6–10, 11–15. స్పీడ్ కూడా పక్కనే. బారెల్ చేయి పెట్టలేనంత వేడెక్కితే ఆగండి, లేకపోతే వేడి చేసిన పనిని మసి మీద వేస్తారు. ఒక్క గ్రూప్ చెదిరితే కంగారు పడొద్దు, వరసగా రెండు మూడు పెద్దవైతేనే లెక్క. స్పీడ్ సగటు మెల్లగా పైకి పాకుతున్నా, షాట్‌కీ షాట్‌కీ తేడా పెరుగుతున్నా అది కూడా కబురే. అలా 90 దగ్గర చెదరడం మొదలైందనుకోండి, మీరు 60కే తుడవండి. ఆ లెక్కన పౌడర్ టెస్ట్, సీటింగ్ టెస్ట్ రెండూ ఒకే విడతలో సరిపోతాయి, మధ్యలో తుడవక్కర్లేదు.

అదే .300 విన్‌చెస్టర్ మాగ్నమ్ లాంటిదైతే అదే సైజు రంధ్రంలోంచి ఎక్కువ పౌడర్ కాలుతుంది, అంకె ఇంకా ముందే వస్తుంది. పౌడర్ మారినా మారుతుంది. కొన్ని పౌడర్లలో రాగి పట్టకుండా చేసే పదార్థం కలుపుతున్నారు, సీఎఫ్ఈ 223 పేరులోని మూడక్షరాల అర్థమే కాపర్ ఫౌలింగ్ ఎరేజర్. వాటితో రాగి తగ్గినా మసి మాత్రం ఉంటుంది.

బెంచ్‌రెస్ట్ సభ్యుడు:

ఒప్పుకుంటాను. కానీ ఆ ఛాంబర్ ముందరి మసి గురించి కొంచెం వివరంగా చెప్పండి. కొత్తవాళ్ళకి అదే తెలియాలి.

మొదటి జవాబు ఇచ్చిన సభ్యుడు:

సరిగ్గా గుర్తుచేశారు. కేస్ మూతి ఎక్కడ ఆగుతుందో దానికి కాస్త ముందు, థ్రోట్ (రైఫ్లింగ్ గాడులు మొదలయ్యే ముందరి భాగం) మొదట్లో, మసి ఒక ఉంగరంలా పేరుకుంటుంది. దాన్నే కార్బన్ రింగ్ అంటాం. కేసులు మరీ పొట్టిగా ట్రిమ్ చేస్తే ఛాంబర్‌లో ఖాళీ మిగిలి, అక్కడ త్వరగా కడుతుంది. మామూలు మసిలా ప్యాచ్‌కి అంటుకోదు, నొక్కితే చెక్కు చెదరనంత గట్టిగా ఉంటుంది. అది లోపల చోటు తగ్గిస్తే ప్రెషర్ పెరుగుతుంది. కేస్ మూతిని గానీ నొక్కిందంటే బుల్లెట్ వదలడం కష్టమై ప్రెషర్ ఒక్కసారిగా ఎగబాకుతుంది.

అందుకే బారెల్ శుభ్రంగా ఉన్నప్పుడు ఇబ్బంది లేని తూకం, తుడవకుండా చాలా షాట్లు పోయాక బోల్ట్ బిగుసుకునేలా చేయవచ్చు. బోల్ట్ హ్యాండిల్ లేపడానికి బలం పట్టినా, కేస్ వెనక ఎజెక్టర్ (కేస్‌ని బయటికి తోసే పిన్) ముద్ర మెరిసినా, స్పీడ్ ఉన్నట్టుండి పెరిగినా ఇంకో షాట్ వద్దు. ఆపండి, ఇంటికెళ్ళి తుడవండి, తూకం తగ్గించి మళ్ళీ మొదలుపెట్టండి. గ్రూప్ బాగుంది కదా అని ఈ గుర్తుల్ని వదిలేయొద్దు, ఇక్కడ పోయేది కన్నో చెయ్యో.

బోర్‌స్కోప్ (బారెల్ లోపల చూసే పరికరం) ఉంటే రింగ్ కంటికే కనిపిస్తుంది. లేకపోతే ప్యాచ్ తోస్తున్నప్పుడు ఛాంబర్ దాటగానే రాడ్ ఒక్క క్షణం పట్టినట్టయి, తర్వాత వదులైపోతుందేమో చేతికే చూసుకోండి.

అడిగిన సభ్యుడు:

అన్నా, తుడిచే పద్ధతి కూడా ఒకసారి చెప్పండి. నా ప్యాచ్ ఎన్నిసార్లు తోసినా నీలంగానే వస్తోంది. రాగి అంతుందా?

మొదటి జవాబు ఇచ్చిన సభ్యుడు:

మీ జాగ్ (రాడ్ కొన మీద ప్యాచ్ పట్టే ముక్క) ఇత్తడిదా? అయితే ఆ నీలంలో సగం జాగ్‌దే అయి ఉంటుంది. అమ్మోనియా ఉన్న సాల్వెంట్ బారెల్‌లోని రాగికీ, ఇత్తడిలోని రాగికీ తేడా చూడదు. నికెల్ పూత పూసిన జాగ్‌గానీ స్టీల్ జాగ్‌గానీ వాడండి. కంచు బ్రష్ అయినా అంతే, ఆ సాల్వెంట్‌తో నైలాన్ బ్రష్ వాడండి.

టెస్ట్ విడతల మధ్య నేను చేసేది తేలిక క్లీనింగ్ మాత్రమే. బోల్ట్ తీసేసి, తూటాలన్నీ టేబుల్ మీంచి దూరంగా పెట్టి, బోర్ గైడ్ (రాడ్‌ని పక్కకి పోకుండా నడిపే గొట్టం) బిగించి, ఛాంబర్ వైపు నుంచే రాడ్ తోస్తాను. మసి సాల్వెంట్‌తో తడిపిన ప్యాచ్ రెండు మూడు. మొదటిది కాటుకలా నల్లగా వస్తుంది, తర్వాత బూడిదరంగు. కాసేపు నాననిచ్చి, బ్రష్ పదిసార్లు, మళ్ళీ తడి ప్యాచ్, ఆపైన పొడి ప్యాచ్‌లు. ప్యాచ్ బారెల్ మూతి బయటికి వచ్చాక తీసేసి, రాడ్ ఒక్కటే వెనక్కి లాగుతాను. అరిగిన క్రౌన్ (బారెల్ మూతి అంచు) గ్రూప్‌ని పాడుచేస్తుంది కాబట్టి మూతి దగ్గర రాడ్ రాసుకోకుండా చూడాలి. లేత బూడిదరంగు వస్తే చాలు, తెల్లటి ప్యాచ్ కోసం పట్టుబట్టను.

రాగి మొత్తం తీసే పని గ్రూపులు తుడిచినా కోలుకోనప్పుడే. మూతి దగ్గర టార్చ్ వేసి చూస్తే గాడుల మధ్య గట్ల మీద నారింజ చారలు కనిపిస్తాయి. అమ్మోనియా సాల్వెంట్ సీసా మీద రాసిన సమయం దాటనివ్వకండి. అది పూర్తిగా తుడిచాకే ఇంకో సాల్వెంట్ వేయండి. కిటికీలు తెరిచి ఉంచండి, గ్లవ్స్ వేసుకోండి.

కొట్టబోయే ముందు బారెల్‌లో, ఛాంబర్‌లో నూనె లేకుండా పొడి ప్యాచ్ తోసి, లోపల ప్యాచ్ ముక్క ఇరుక్కోలేదని వెలుతురుకి పెట్టి చూడాలి. ఇది ఒక్కసారి కూడా మరవొద్దు.

వేటకు వెళ్ళే సభ్యుడు:

నాకు గ్రూపులతో పనిలేదు సార్, చల్లటి బారెల్‌తో మొదటి షాట్ ఒక్కటే కావాలి. నేను సీజన్ ముందు తుడవాలా?

మొదటి జవాబు ఇచ్చిన సభ్యుడు:

తుడిచి, కుదిరేదాకా కొట్టి, అలాగే వదిలేయండి. తర్వాత వేర్వేరు రోజుల్లో చల్లటి బారెల్‌తో ఒక్కో షాట్ అదే టార్గెట్ మీద కొట్టండి. ఆ షాట్లు ఎక్కడ కూడితే స్కోప్ అక్కడికి సరిచేసుకోండి. వానలో తడిస్తే మాత్రం తుప్పు ముందు, గ్రూప్ తర్వాత. వెంటనే తుడవాల్సిందే.

అడిగిన సభ్యుడు:

చివరి సందేహం. ఇది కొత్త బారెల్, ఇంకా 80 షాట్లే పోయాయి. తర్వాత పూర్తి రాగి బుల్లెట్లు కూడా చూద్దామని ఉంది.

మొదటి జవాబు ఇచ్చిన సభ్యుడు:

80 షాట్లేనా? అయితే ఇప్పుడే లోడ్ ఖాయం చేయకండి. చాలా కొత్త బారెళ్ళలో మొదటి 100 నుంచి 200 షాట్ల లోపు స్పీడ్ కొంత పెరిగి, తర్వాత నిలుస్తుంది. ఇప్పటి తూకం అప్పుడు వేరే చోట ఉంటుంది. ఈ షాట్లని బారెల్ అంకె కనుక్కునే టెస్ట్‌కి వాడుకోండి, ఏదీ వృథా కాదు.

పూర్తి రాగి బుల్లెట్లకి మారే ముందు మాత్రం రాగి మొత్తం తీసేయండి. పాత తొడుగుల రాగి మీద అవి కుదరడానికి మొండికేస్తాయి. మారాక కుదర్చడానికి కొట్టే షాట్లు కూడా ఆ బుల్లెట్లతోనే ఉండాలి. లోడ్ డేటా ఆ బుల్లెట్‌దే చూడండి. అదే బరువున్నా అవి పొడవెక్కువ, కేస్ లోపల చోటు తింటాయి కాబట్టి మామూలు 168 తూకం వాటికి పెట్టకూడదు.