జరిమానాకు సగం రాయితీ ఇచ్చే ప్రభుత్వం రోడ్డు భద్రత చెబితే జనం వింటారా?

హొరమావు నివాసి
జనవరి రాగానే బెంగళూరు సిగ్నళ్ల దగ్గర ఫ్లెక్సీలు, స్కూలు పిల్లల చేతుల్లో ప్లకార్డులు. రోడ్డు భద్రతా మాసం! 2019 సెప్టెంబరులో కేంద్రం మోటారు వాహనాల చట్టం సవరించి హెల్మెట్ లేకపోతే జరిమానా 1000 రూపాయలంటే, ఆ నెల గడవకముందే కర్ణాటక 500కు దించింది. 2023 ఫిబ్రవరిలో పాత చలానాలకు సగం రాయితీ, 2025లో మళ్లీ అదే. ముందుండి నడిపించాల్సినవాళ్లే ఇలా మెత్తబడితే ఆ ఫ్లెక్సీలకు విలువేముంది?

బొమ్మనహళ్లి
రాయితీ ఇచ్చాకే జనం పోలీస్ స్టేషన్ల ముందు క్యూలో నిలబడి డబ్బు కట్టారు. మొత్తానికే రానిదానికన్నా సగం వచ్చింది కదండీ.

హొరమావు నివాసి
నేనడిగింది వసూళ్ల గురించి కాదు. వెంటనే కట్టినవాడు పూర్తిగా కట్టాడు, ఎగ్గొట్టినవాడికి సగం మిగిలింది. మళ్లీ మళ్లీ ఇస్తున్నారంటే ఇంకోసారి కోసం కాచుకోమని చెప్పినట్టే.

రోడ్డు ఇంజనీరు
చలానా దగ్గరే ఆగిపోయారిద్దరూ. బండి వేగం తగ్గించేది రోడ్డు ఆకారం. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకర్ వెడల్పు, అంటే బండి పోయే దిశలో, 3.7 మీటర్లు, మధ్యలో ఎత్తు 10 సెంటీమీటర్లు, వంపు 17 మీటర్ల వ్యాసార్ధం. దాని మీద 25 కిలోమీటర్ల వేగంతో కుదుపు లేకుండా పోవచ్చు. మన వీధుల్లో ఉన్నదేమిటి? రాత్రికి రాత్రి అర మీటరు వెడల్పున పోసిన తారు గట్టు. చారలుండవు, ముందు బోర్డుండదు. ముందు చక్రం ఎగురుతుంది, వెనక ఒకవైపుగా కూర్చున్న ఆడమనిషి పట్టు తప్పుతుంది. తారు మళ్లీ వేసినప్పుడు చారలు పోతాయి, తిరిగి గీసే పని ఎవరి బిల్లులోనూ ఉండదు.

బొమ్మనహళ్లి
ఆ గట్లు వేయమని కార్పొరేటర్ల వెంటపడింది మన లేఅవుట్లవాళ్లే. అది ప్రభుత్వం తప్పెలా అవుతుంది?

సర్జాపుర రోడ్
10 సెంటీమీటర్లు మన కార్లకు ఎక్కువే. కింద తగులుతుంది.

రోడ్డు ఇంజనీరు
3.7 మీటర్లలో మెల్లగా లేస్తే తగలదు. అర మీటరులో లేస్తేనే తగులుతుంది. ఎవరడిగినా కొలత చూసి వేయించాల్సింది అధికారే.

బొమ్మనహళ్లి
సరే, రోడ్లన్నీ బాగయ్యేదాకా హెల్మెట్ మాట ఎత్తొద్దంటారా? 2022లో హెల్మెట్ లేక దేశంలో 50,029 మంది పోయారు. వాళ్లలో 14,337 మంది వెనక కూర్చున్నవాళ్లే. వెనకవాళ్లకూ హెల్మెట్ తప్పనిసరని కర్ణాటక 2016లోనే చెప్పింది. ఐఎస్ఐ లేనివి అమ్మొద్దని 2021 జూన్ నుంచి నిషేధం. అయినా లోపల థర్మోకోల్ లేని టోపీలు ఫుట్‌పాత్ మీద దొరుకుతూనే ఉన్నాయి. కొన్నవాళ్లూ గడ్డం కింద పట్టీ బిగించరు, పడగానే ఎగిరిపోతుంది. ఇది చెప్పకపోతే ఎలా?

హొరమావు నివాసి
అంటే చచ్చినవాడిదే తప్పన్నమాట!

బొమ్మనహళ్లి
నా నోట్లో మాటలు పెట్టకండి. బతికుండాలంటే ఈ రాత్రి పట్టీ పెట్టుకోమంటున్నాను.

హొరమావు నివాసి
పెట్టుకోమనండి, కాదనను. నా గొడవ వేరు. అదే 2019 సవరణలో 198ఎ సెక్షనుంది. రోడ్డు డిజైను, నిర్వహణ ప్రమాణాలు పాటించక ప్రాణం పోతే సంబంధిత అధికారికీ, కాంట్రాక్టరుకూ లక్ష దాకా జరిమానా. హెల్మెట్ సెక్షను ఫ్లెక్సీల మీద కనిపిస్తుంది, ఇది ఏ ఫ్లెక్సీ మీదా కనిపించదు. జనాన్ని దోషులుగా నిలబెట్టి, తాను మాత్రం పంతులు కుర్చీలో కూర్చుంటోంది ప్రభుత్వం. నాకు మండేది అక్కడ.

రోడ్డు ఇంజనీరు
మైసూరు హైవే చూడండి. 2023 ఆగస్టు నుంచి టూవీలర్లూ ఆటోలూ ఆపారు, కెమెరాలు పెట్టారు, మరణాలు బాగా తగ్గాయి.

బొమ్మనహళ్లి
అంటే జరిమానా కెమెరాలు పనిచేశాయనే కదా. నేనన్నదీ అదే.

హొరమావు నివాసి
కాదు, అక్కడ రోడ్డు ఎవరు వాడాలో ప్రభుత్వం తేల్చి, దానికి కట్టుబడింది.