బ్రాంచి డీసీ చాలా రోజుల తర్వాత ఆన్ చేశాం, కొత్త గ్రూప్ పాలసీలు రావట్లేదు (ఈవెంట్ 4012)

బెజవాడ_బ్రాంచ్‌ఐటీ

అందరికీ నమస్తే. మా డొమైన్‌లో డీసీలు (డొమైన్ కంట్రోలర్లు, లాగిన్లూ పాలసీలూ చూసే సర్వర్లు) రెండే. ఒకటి హైదరాబాద్ హెడ్ ఆఫీసులో, ఐదు ఫిస్మో రోల్సూ (ఒక్క డీసీ మీదే ఉండే ప్రత్యేక బాధ్యతలు) దాని మీదే. రెండోది విజయవాడ బ్రాంచిలో. రెండూ విండోస్ సర్వర్ 2019, మధ్యలో సైట్-టు-సైట్ వీపీఎన్. బ్రాంచి సర్వర్ మదర్‌బోర్డు పోయింది. పార్టు వచ్చేసరికి రెండున్నర నెలలైంది. ఇప్పుడు కొత్త బోర్డు వేసి, అవే డిస్కులతో ఆన్ చేశాం.

లాగిన్లు బాగానే అవుతున్నాయి. డీసీల మధ్య రెప్లికేషన్ (ఒకదాని మార్పులు రెండోదానికి చేరడం) చూపే రెప్‌అడ్మిన్ /రెప్లసమ్మరీ కొడితే రెండు వైపులా ఫెయిల్స్ సున్నా. నెట్ షేర్ కొడితే సిస్‌వాల్ (పాలసీ ఫైళ్లు), నెట్‌లాగాన్ (లాగాన్ స్క్రిప్టులు) షేర్లు రెండూ కనిపిస్తున్నాయి. కానీ ఈ మధ్య పెట్టిన పాలసీలు (యూఎస్‌బీ బ్లాక్, కొత్త ప్రింటర్లు) బ్రాంచి పీసీల్లోకి రావట్లేదు. జీపీఅప్‌డేట్ /ఫోర్స్ కొడితే ఈవెంట్ 1058, జీపీటీ.ఐఎన్‌ఐ ఫైలు చదవలేకపోయానని. బ్రాంచి డీసీలో డీఎఫ్‌ఎస్ రెప్లికేషన్ లాగ్ తెరిస్తే ఈవెంట్ 4012 ఉంది: పార్ట్‌నర్లతో 76 రోజులుగా సంబంధం లేదు, పరిమితి 60 రోజులు అంటోంది.

ఆ పరిమితి, అంటే మ్యాక్స్‌ఆఫ్‌లైన్‌టైమ్‌ఇన్‌డేస్ విలువ, 100కి పెంచితే చాలని ఒకచోట చదివాను. పెంచేయనా?

ఫిస్మో_పెద్దన్న

పెంచకండి. ముందు ఏం జరిగిందో చూద్దాం.

మీ దగ్గర నడిచేవి రెండు వేర్వేరు రెప్లికేషన్లు. యాక్టివ్ డైరెక్టరీ డేటాబేస్ తన దారిన తాను వెళ్తుంది, రెప్‌అడ్మిన్ చూపించేది దాని సంగతే. సిస్‌వాల్ ఫోల్డర్‌ని మోసేది డీఎఫ్‌ఎస్‌ఆర్ (డీఎఫ్‌ఎస్ రెప్లికేషన్). దాని గురించి రెప్‌అడ్మిన్‌కి ఏమీ తెలియదు. గ్రూప్ పాలసీ సగం డైరెక్టరీలో, సగం సిస్‌వాల్‌లో ఉంటుంది. డైరెక్టరీ సగం బ్రాంచికి వచ్చేసింది కాబట్టి కొత్త పాలసీ ఉందని పీసీకి తెలుసు. దాని జీయూఐడీ (ప్రత్యేక గుర్తింపు సంఖ్య) పేరుతో ఉండాల్సిన ఫోల్డర్ కోసం బ్రాంచి సిస్‌వాల్‌లో వెతికితే దొరకలేదు. అదే మీ 1058. షేర్ కనిపిస్తోందంటే ఫోల్డర్ షేర్ అయి ఉందని మాత్రమే అర్థం, లోపలున్న సరుకు 76 రోజుల పాతది.

ఇక ఆ 60 ఎందుకంటే: ఏదైనా ఫైలు డిలీట్ చేస్తే డీఎఫ్‌ఎస్‌ఆర్ తన డేటాబేస్‌లో ఆ డిలీట్ గుర్తును కొంతకాలమే ఉంచుకుంటుంది, ఆ తర్వాత చెరిపేస్తుంది. అంతకన్నా ఎక్కువ రోజులు దూరంగా ఉన్న సర్వర్ తిరిగొస్తే, హెడ్ ఆఫీసులో ఎప్పుడో తీసేసిన ఫైళ్లు అవతలివాళ్లకు కొత్త ఫైళ్లలా కనిపించి మళ్లీ బతికొస్తాయి. అందుకే 4012 ఇచ్చి ఆ ఫోల్డర్‌ని ఆపేస్తుంది. పరిమితి పెంచడమంటే కాపలావాణ్ణి కాసేపు పడుకోమనడమే. రెప్లికేషన్ మొదలవుతుంది, నిజమే. తీసేసిన లాగాన్ స్క్రిప్టులు, పాత పాలసీ ఫోల్డర్లు దాంతోపాటే వస్తాయి.

బ్రాంచిలో చేయి పెట్టే ముందు రెండు విషయాలు చూసి చెప్పండి.

ఒకటి, హెడ్ ఆఫీస్ డీసీలో కూడా డీఎఫ్‌ఎస్ రెప్లికేషన్ లాగ్ తెరవండి. డీసీలు రెండే ఉన్నప్పుడు, బ్రాంచి లేని 76 రోజులూ హెడ్ ఆఫీసుకి కూడా పార్ట్‌నర్ లేనట్టే కదా. అక్కడా 4012 ఉండే అవకాశం ఎక్కువ. పవర్‌షెల్‌లో గెట్-డబ్ల్యూఎంఐఆబ్జెక్ట్‌తో రూట్\మైక్రోసాఫ్ట్‌డీఎఫ్‌ఎస్ నేమ్‌స్పేస్‌లోని డీఎఫ్‌ఎస్‌ఆర్‌రెప్లికేటెడ్‌ఫోల్డర్‌ఇన్ఫో క్లాస్ చదివితే స్టేట్ అంకె వస్తుంది. 4 అయితే మామూలు, 2 అయితే మొదటి సింక్ నడుస్తోంది, 5 అయితే ఎర్రర్.

రెండు, టూంబ్‌స్టోన్ లైఫ్‌టైమ్, అంటే డైరెక్టరీలో డిలీట్ గుర్తు ఎన్ని రోజులు ఉంటుందన్నది. ఏడీఎస్‌ఐ ఎడిట్‌లో (డైరెక్టరీ విలువల్ని నేరుగా చూసి మార్చే టూల్) కాన్ఫిగరేషన్ పార్టిషన్ తెరిచి సర్వీసెస్, విండోస్ ఎన్‌టీ, డైరెక్టరీ సర్వీస్ ప్రాపర్టీస్‌లో చూడండి. 180 అని ఉంటే మీరు సేఫ్. ఖాళీగా ఉంటే 60 అని లెక్క. సర్వర్ 2000 కాలంలోనో, సర్వీస్ ప్యాక్ లేని 2003లోనో పుట్టిన ఫారెస్ట్ (మొత్తం యాక్టివ్ డైరెక్టరీ) అయితే, డీసీల్ని ఎన్ని వెర్షన్లు మార్చినా ఆ పాత 60 అలాగే ఉండిపోతుంది. ఫెయిల్స్ సున్నా అంటున్నారు కాబట్టి మీది 180 అనే అనుకుంటున్నా. దాటి ఉంటే ఈవెంట్ 2042, ఎర్రర్ 8614 వచ్చి డైరెక్టరీ రెప్లికేషన్ కూడా ఆగేది.

క్లౌడ్‌కి_వెళ్లిపోదాం

ఇంత తతంగం ఎందుకు బ్రో? బ్రాంచి డీసీని డిమోట్ చేసి (డీసీ హోదా తీసేసి) మళ్లీ ప్రమోట్ చేస్తే ఫ్రెష్‌గా వచ్చేస్తుంది కదా.

ఫిస్మో_పెద్దన్న

హెడ్ ఆఫీస్ స్టేట్ 4లో ఉంటేనే. అదీ 5లో ఉంటే కొత్తగా ప్రమోట్ చేసిన డీసీ సిస్‌వాల్ ఎక్కణ్ణుంచి తెచ్చుకుంటుంది? ఇప్పుడు కనీసం పాత సిస్‌వాల్ షేర్ అయినా ఉంది. అప్పుడు సిస్‌వాల్, నెట్‌లాగాన్ షేర్లు అసలు రావు, ఆ డీసీ తాను డీసీనని ప్రకటించుకోదు కూడా. డిమోట్-ప్రమోట్ సరైన మందు అయ్యేది టూంబ్‌స్టోన్ గడువు దాటినప్పుడు.

బెజవాడ_బ్రాంచ్‌ఐటీ

పెద్దన్న గారూ, మీరన్నట్టే ఉంది. హెడ్ ఆఫీస్ డీసీలోనూ 4012 ఉంది, స్టేట్ రెండు చోట్లా 5. టూంబ్‌స్టోన్ 180. హెడ్ ఆఫీస్ సిస్‌వాల్‌లో పాలసీలన్నీ సరిగ్గా ఉన్నాయి, అక్కడి పీసీలకు అందుతున్నాయి.

ఫిస్మో_పెద్దన్న

అయితే హెడ్ ఆఫీస్ కాపీయే అసలు కాపీ. దాన్ని అథారిటేటివ్‌గా (తన కాపీ ఇచ్చేదిగా), బ్రాంచిని నాన్-అథారిటేటివ్‌గా (ఆ కాపీ తీసుకునేదిగా) చేయాలి. బ్రాంచి ఒక్కదానికే చేస్తే ఈవెంట్ 4614 (మొదటి సింక్ కోసం ఎదురుచూస్తున్నా) వచ్చి అక్కడే కూర్చుంటుంది. ఇవ్వాల్సిన సర్వరే ఆగిపోయి ఉంది కాబట్టి 4604 (సింక్ పూర్తయింది) ఎప్పటికీ రాదు. ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే.

మొదట బ్యాకప్. గ్రూప్ పాలసీ మేనేజ్‌మెంట్‌లో గ్రూప్ పాలసీ ఆబ్జెక్ట్స్ మీద రైట్ క్లిక్ చేసి బ్యాకప్ ఆల్. తర్వాత రెండు డీసీల్లోనూ సిస్‌వాల్ కింద డొమైన్ ఫోల్డర్‌లోని పాలసీస్, స్క్రిప్ట్స్ ఫోల్డర్లను వేరే డ్రైవ్‌కి కాపీ చేయండి. హెడ్ ఆఫీస్ డీసీకి సిస్టమ్ స్టేట్ బ్యాకప్ కూడా తీయండి. బ్రాంచిలో ఎవరైనా స్క్రిప్ట్ నేరుగా అక్కడే మార్చి ఉంటే ఈ పని తర్వాత అది కనిపించదు, కాబట్టి ఆ కాపీ దాచుకోండి.

ఇక అసలు పని, ఈ వరసలోనే:

1. రెండు డీసీల్లోనూ డీఎఫ్‌ఎస్ రెప్లికేషన్ సర్వీస్ స్టార్టప్‌ని మాన్యువల్‌కి మార్చి, సర్వీస్ ఆపండి.

2. హెడ్ ఆఫీస్ డీసీలో ఏడీఎస్‌ఐ ఎడిట్. డొమైన్ కంట్రోలర్స్ ఓయూ కింద సర్వర్ పేరు, దాని కింద డీఎఫ్‌ఎస్‌ఆర్-లోకల్‌సెట్టింగ్స్, డొమైన్ సిస్టమ్ వాల్యూమ్, సిస్‌వాల్ సబ్‌స్క్రిప్షన్. హెడ్ ఆఫీస్ సర్వర్‌కి ఎంఎస్‌డీఎఫ్‌ఎస్‌ఆర్-ఎనేబుల్డ్ ఫాల్స్, ఎంఎస్‌డీఎఫ్‌ఎస్‌ఆర్-ఆప్షన్స్ 1. బ్రాంచి సర్వర్‌కి ఎనేబుల్డ్ ఫాల్స్ మాత్రమే. ఆప్షన్స్ 1 పొరపాటున బ్రాంచికి పెట్టారో, పాత సరుకే అసలు సరుకైపోతుంది. ఎవరి పేరు కింద ఉన్నారో రెండుసార్లు చూసుకోండి.

3. డైరెక్టరీ రెప్లికేషన్ ఫోర్స్ చేయండి. హెడ్ ఆఫీసులో సర్వీస్ స్టార్ట్ చేయండి, 4114 (సిస్‌వాల్ రెప్లికేషన్ ఆఫ్ అయింది) రావాలి.

4. హెడ్ ఆఫీస్ ఎనేబుల్డ్‌ని ట్రూ చేసి, మళ్లీ రెప్లికేషన్ ఫోర్స్ చేసి, అక్కడే డీఎఫ్‌ఎస్‌ఆర్‌డయాగ్ పోల్‌ఏడీ (డైరెక్టరీలో సెట్టింగ్స్ మళ్లీ చదవమనే కమాండ్). 4602 వస్తే అథారిటేటివ్ సగం అయిపోయినట్టే. రాకుండా బ్రాంచి వైపు వెళ్లొద్దు.

5. బ్రాంచిలో సర్వీస్ స్టార్ట్, 4114 చూడండి. దాని ఎనేబుల్డ్‌ని ట్రూ చేసి, రెప్లికేషన్ ఫోర్స్, పోల్‌ఏడీ. ముందు 4614, తర్వాత 4604.

6. రెండు చోట్లా సర్వీస్‌ని తిరిగి ఆటోమేటిక్‌కి. ఇది మర్చిపోతే వచ్చే రీబూట్‌కి మళ్లీ మొదటికే వస్తుంది.

డీఎఫ్‌ఎస్‌ఆర్‌డయాగ్ కమాండ్ లేదంటే డీఎఫ్‌ఎస్ మేనేజ్‌మెంట్ టూల్స్ ఫీచర్ ఇన్‌స్టాల్ చేసుకోండి, డీసీ అయినంత మాత్రాన అది వచ్చేయదు. రెండు వైపులా ఒకేలా ఉన్న ఫైళ్లను హ్యాష్ పోల్చి వదిలేస్తుంది కాబట్టి లైన్ మీద పెద్ద లోడ్ పడదు. నెట్‌లాగాన్‌లో ఎవరైనా సాఫ్ట్‌వేర్ సెటప్ ఫైళ్లు పడేసి ఉంటే మాత్రం వేరే మాట. అవి అక్కడ ఉండకూడదు.

డీఎన్‌ఎస్_తాత

పెద్దన్న చెప్పింది చేసే ముందు, ఆ కొత్త మదర్‌బోర్డు సంగతి ఎవరూ ఎత్తలేదు.

టైమ్ చూడండి. కొత్త బోర్డు గడియారం ఎక్కడైనా ఉండొచ్చు. డొమైన్ లాగిన్లు చూసే కెర్బరోస్ డిఫాల్ట్‌గా 5 నిమిషాల తేడా వరకే ఊరుకుంటుంది. డీసీల మీద విండోస్ టైమ్ సర్వీస్ 48 గంటలకు మించిన తేడాని తనంతట తాను సరిచేయదు, చేత్తో సరిచేయాలి. బయాస్‌లో తేదీ సరిచూశాకే ఇలాంటి సర్వర్‌కి నెట్‌వర్క్ కేబుల్ పెట్టాలి. సంవత్సరం ముందుకి పోయి ఉంటే టూంబ్‌స్టోన్ లెక్కలన్నీ తలకిందులవుతాయి. మీ లాగిన్లు అవుతున్నాయి కాబట్టి ఆ గండం గడిచినట్టే, అయినా డబ్ల్యూ32టీఎం /క్వెరీ /సోర్స్ కొట్టండి. బ్రాంచిలో హెడ్ ఆఫీస్ డీసీ పేరు రావాలి. లోకల్ సీమాస్ క్లాక్ (బోర్డు సొంత గడియారం) అని వస్తే సింక్ లేనట్టే.

హెడ్ ఆఫీస్ డీసీ, అంటే పీడీసీ ఎమ్యులేటర్ (డొమైన్‌కి టైమ్ ఇచ్చే ఫిస్మో రోల్ ఉన్నది), బయటి ఎన్‌టీపీ (టైమ్) సర్వర్ నుంచి టైమ్ తీసుకోవాలి, యూడీపీ 123 తెరిచి ఉండాలి. ఏ సర్వరో మీ ఇష్టం కాదు: సెర్ట్-ఇన్ (కేంద్ర సైబర్ భద్రతా సంస్థ) 2022 ఏప్రిల్ 28 ఆదేశాల ప్రకారం ఎన్‌ఐసీ (నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్) లేదా ఎన్‌పీఎల్ (నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ) సర్వర్లకైనా, వాటికి ట్రేస్ అయ్యే సర్వర్లకైనా కలపాలి. లాగ్‌లు 180 రోజులు దాచాలన్నదీ అందులోనే ఉంది.

ఇక నెట్‌వర్క్ కార్డు. బోర్డు మారితే విండోస్‌కి అది కొత్త కార్డు. పాతదాని స్టాటిక్ ఐపీ దెయ్యంలా రిజిస్ట్రీలో ఉండిపోతుంది. డివైజ్ మేనేజర్‌లో షో హిడెన్ డివైజెస్ పెట్టి పాతదాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేయండి. నెట్‌వర్క్ ప్రొఫైల్ డొమైన్ అని ఉందా, పబ్లిక్ అని ఉందా చూడండి. పబ్లిక్ అయితే ఫైర్‌వాల్ రూల్స్ మారిపోతాయి. డీఎన్‌ఎస్‌లో మొదట హెడ్ ఆఫీస్ డీసీ, రెండోది 127.0.0.1. ఇంటర్నెట్ స్లో అని ఎవరో 8.8.8.8 పెట్టేస్తుంటారు. డీసీ కార్డు మీద అది ఉండకూడదు, కావాలంటే డీఎన్‌ఎస్ సర్వర్‌లో ఫార్వర్డర్‌గా పెట్టుకోండి. చివరగా ఎన్‌ఎల్‌టెస్ట్ /డీఎస్‌రెగ్‌డీఎన్‌ఎస్ కొడితే డీసీ ఎక్కడుందో పీసీలకు చెప్పే ఎస్‌ఆర్‌వీ రికార్డులు మళ్లీ నమోదవుతాయి.

బెజవాడ_బ్రాంచ్‌ఐటీ

తాత గారూ, ప్రొఫైల్ పబ్లిక్‌లోనే ఉంది! పాత కార్డు తీసేసి, డీఎన్‌ఎస్ సరిచేసి, కార్డు డిజేబుల్-ఎనేబుల్ చేశాక డొమైన్‌కి మారింది. టైమ్ బాగానే ఉంది.

పెద్దన్న గారి వరసలో హెడ్ ఆఫీసులో 4602 వచ్చింది. బ్రాంచిలో 4114 వరకు వచ్చి ఆగింది. ట్రూ చేశాను, పోల్‌ఏడీ చాలాసార్లు కొట్టాను, 4614 రావట్లేదు. రెప్‌అడ్మిన్ /సింక్ఆల్ కూడా ఎర్రర్ లేకుండా అయింది.

ఫిస్మో_పెద్దన్న

సింక్ఆల్‌కి ఏ స్విచ్‌లు ఇచ్చారు? ఏమీ ఇవ్వకపోతే అది సైట్ దాటదు. మీ రెండు డీసీలు వేర్వేరు సైట్లలో ఉన్నాయి, సైట్ లింక్ డిఫాల్ట్ 180 నిమిషాలు. అంటే హెడ్ ఆఫీసులో మీరు పెట్టిన ట్రూ ఇంకా బ్రాంచికి చేరనే లేదు, బ్రాంచి డీఎఫ్‌ఎస్‌ఆర్ తన దగ్గరున్న పాత ఫాల్స్‌నే చదువుతోంది. పెద్ద ఏ, చిన్న డీ, చిన్న ఈ, పెద్ద పీ, ఈ నాలుగూ కలిపి ఇవ్వండి. చిన్న ఈ అంటేనే సైట్లు దాటు అని, పెద్ద పీ అంటే ఇక్కణ్ణుంచి తోయి అని. పెద్ద, చిన్న అక్షరాలకు ఇక్కడ తేడా ఉంది. తర్వాత ఏడీఎస్‌ఐ ఎడిట్‌ని బ్రాంచి డీసీకి కనెక్ట్ చేసి ట్రూ వచ్చిందో లేదో కళ్లతో చూసి, అప్పుడు పోల్‌ఏడీ కొట్టండి.

బెజవాడ_బ్రాంచ్‌ఐటీ

వచ్చేసింది. 4614, కాసేపటికి 4604. కొత్త పాలసీల ఫోల్డర్లన్నీ బ్రాంచి సిస్‌వాల్‌లో కనిపిస్తున్నాయి, పీసీల్లో 1058 ఆగింది. సర్వీస్ రెండు చోట్లా ఆటోమేటిక్‌కి మార్చేశాను. ఒకటే మిగిలింది: రెండు పీసీలు ట్రస్ట్ రిలేషన్‌షిప్ ఫెయిల్డ్ అంటున్నాయి.

డీఎన్‌ఎస్_తాత

పీసీ తన మెషీన్ పాస్‌వర్డ్‌ని 30 రోజులకోసారి మార్చుకుంటుంది. బ్రాంచి డీసీ లేనన్నాళ్లూ వీపీఎన్ మీద హెడ్ ఆఫీసులో మార్చుకుని ఉంటాయి. పాత డేటాతో లేచిన డీసీ దగ్గరికి వెంటనే వెళ్లినవి అలా అంటాయి. ఇప్పుడు డైరెక్టరీ కలిసిపోయింది కాబట్టి ముందు ఒకసారి రీస్టార్ట్ చేసి చూడండి. తగ్గకపోతే లోకల్ అడ్మిన్‌గా లాగిన్ అయ్యి పవర్‌షెల్‌లో టెస్ట్-కంప్యూటర్‌సెక్యూర్‌ఛానల్ -రిపేర్, క్రెడెన్షియల్‌గా డొమైన్ అకౌంట్. డొమైన్ నుంచి తీసి మళ్లీ చేర్చాల్సిన పనిలేదు.

ఫిస్మో_పెద్దన్న

సైట్ లింక్‌ని 15 నిమిషాలకు తగ్గించండి, అంతకన్నా తక్కువ తీసుకోదు. ఈవెంట్ వ్యూయర్‌లో 4012, 2213, 2042 మీద రైట్ క్లిక్ చేసి అటాచ్ టాస్క్ పెట్టి మెయిల్ పంపే స్క్రిప్ట్ తగిలించండి, రెండు డీసీల్లోనూ. 2213 అంటే కరెంటు పోయి యూపీఎస్ కూడా చేతులెత్తేసి సర్వర్ ధబాలున ఆగినప్పుడు వచ్చేది. 2012 ఆర్2 నుంచి డిఫాల్ట్‌గా తనే కోలుకుంటుంది, ఆటో రికవరీ ఆపి ఉంటే మాత్రం డేటాబేస్ సరిగ్గా మూసుకోలేదు, రెజ్యూమ్ చెప్పేదాకా కదలను అంటుంది. రెజ్యూమ్ కమాండ్ ఆ ఈవెంట్ టెక్స్ట్‌లోనే రాసి ఉంటుంది, బ్యాకప్ తీసి అదే కొట్టాలి.

ఈసారి ఏ డీసీ అయినా నెలలోపు లేవదని తేలితే ఎదురుచూడకండి. యూజర్స్ అండ్ కంప్యూటర్స్‌లో దాని ఆబ్జెక్ట్ డిలీట్ చేస్తే మెటాడేటా క్లీనప్ (డైరెక్టరీలో దాని ఆనవాళ్లు తీసేయడం) అదే అవుతుంది. సైట్స్ అండ్ సర్వీసెస్‌లో, డీఎన్‌ఎస్‌లో మిగిలిన పేర్లు చేత్తో తీసేయండి. పార్టు వచ్చాక ఆ డిస్కులు ఫార్మాట్ చేసి, కొత్త సర్వర్‌లాగా ప్రమోట్ చేసుకోండి. ఫార్మాట్ చేయకుండా ఆ డిస్కులతో నెట్‌వర్క్ మీద ఆన్ చేయొద్దు.