రెండో తరగతి బొమ్మలకు గ్రేడు ఎలా వేస్తున్నారు?

పాలమూరు ఎస్జీటీ: ఎఫ్ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్, ఏడాది మధ్యలో చేసే మదింపు) దగ్గర పడింది. తెలుగు, లెక్కలకు బాధ లేదు. కళలు, సాంస్కృతిక విద్య దగ్గరికొస్తేనే చెయ్యి ఆగుతోంది. అందరికీ 'ఏ' వేసి చేతులు దులుపుకోవడం ఇష్టం లేదు. మీరు ఏం చూసి వేస్తారు? రికార్డు ఎలా రాస్తారు?

సిరి వాళ్ళమ్మ: మా పాపకు 'బి' ఇచ్చారు. ఎందుకని అడిగితే ఆకాశాన్ని పైన పట్టీలా వేసి మధ్యంతా తెల్లగా వదిలేసిందట. పక్కింటి బాబుకు 'ఏ ప్లస్'. ఆ చార్టు వేసింది వాళ్ళ నాన్నని మా అపార్ట్‌మెంట్ మొత్తానికీ తెలుసు.

డ్రాయింగ్ హయ్యర్: నేను డ్రాయింగ్ పరీక్షలు లోయర్, హయ్యర్ రెండూ పాసైనవాణ్ణి. ఆకాశం నేల దాకా రావాలని ఒకటో తరగతిలోనే చెప్పాలి. చెప్పకపోతే టెన్త్‌కొచ్చినా అదే సీనరీ: రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, పక్కన కొబ్బరిచెట్టు.

గోరింట: ఏడెనిమిదేళ్ళ పిల్లలు చాలామంది అలాగే వేస్తారు మాస్టారూ. కింద నేలగీత, పైన ఆకాశం. పిల్లల బొమ్మల మీద పుస్తకం రాసిన లోవెన్‌ఫెల్డ్ 1947లోనే దీన్ని ఎదుగుదలలో ఒక దశ అని రాశాడు. గోడలోంచి లోపల వంట చేసే అమ్మ కనబడేలా ఇల్లు వేస్తారు చూడండి, అదీ ఆ వయసుదే. తప్పని 'బి' ఇస్తే ఎలా?

డ్రాయింగ్ హయ్యర్: పుస్తకాల్లో ఎవరైనా రాస్తారు. క్లాసులో నిలబడి క్రేయాన్లు పంచి మాట్లాడండి.

గోరింట: రోజూ పంచుతూనే ఉన్నా. మీకు హైస్కూలు పిల్లలు. ప్రైమరీలో అసలు డ్రాయింగ్ మాస్టారే ఉండడు, అన్నీ మేమే.

పాలమూరు ఎస్జీటీ: ఆకాశాన్ని కాసేపు వదిలేస్తారా?

తూర్పుగాలి: నేను విడిగా ఒక్క బొమ్మకు గ్రేడు వేయను. బొమ్మ వెనక తేదీ, వాళ్ళు చెప్పిన ముక్క రాసి ఫైల్లో పెడతా. జూన్‌లో ఒకడు ఆటో వేస్తే మూడు చక్రాలూ ఒకే వరసలో ఉన్నాయి. దసరా సెలవుల ముందు వేసినదాంట్లో రెండే. మూడోది ఏదిరా అంటే "అవతలి పక్క ఉంది టీచర్" అన్నాడు. నా రికార్డులో ఉండేది అదే. రంగు గీత దాటిందా లేదా అన్నది నేను చూడను.

సిరి వాళ్ళమ్మ: మీరు మా పాప స్కూలుకు వచ్చేయండి మేడమ్!

కృష్ణలంక: ఎన్‌సీఈఆర్‌టీలో మదింపు చూసే పరఖ్ వాళ్ళ హోలిస్టిక్ ప్రోగ్రెస్ కార్డులో పిల్లలే తమకు తాము, తోటివాళ్ళకు కూడా చెప్పుకునే భాగాలున్నాయిగా. మా క్లాసులో అలా చేయిస్తే అందరూ నవ్వుమొహానికే టిక్కు. ముందురోజు రబ్బరు కోసం కొట్టుకున్న ఇద్దరు మాత్రం ఒకరికొకరు ఏడుపుమొహం పెట్టుకున్నారు.

డ్రాయింగ్ హయ్యర్: అందుకే తెలిసినవాళ్ళు దిద్దాలి అనేది.

గోరింట: మళ్ళీ మొదలెట్టారా!

చిట్టి నాన్న: మాస్టారూ, మా అబ్బాయి చేత లోయర్ రాయిద్దామని ఉంది. కోచింగ్ ఇస్తారా?

డ్రాయింగ్ హయ్యర్: ఇన్‌బాక్స్‌కు రండి.