డెప్త్ ఆఫ్ ఫీల్డ్‌ను మనం ఏమనాలె? పొలం లోతు అంటె నవ్వుతున్నరు

హన్మకొండ కెమెరా:
అందరికి నమస్తే. నేను పెండ్లి ఫొటోలు తీసేటోణ్ణి, భాష పండితుణ్ణి కాదు, తప్పులుంటె కోపం చెయ్యకున్రి. ఒక్క మాట కోసం వచ్చిన. మా దగ్గర పని నేర్చుకునే పిలగాడు ఒకడున్నడు, ఇంటర్ దాక తెలుగు మీడియమే. వాని ఫోన్ల ఒక ఆప్ ఎక్కించి ఇచ్చిన, డెప్త్ ఆఫ్ ఫీల్డ్ లెక్కగట్టేది. కెమెరా ఏదో చెప్పాలె, లెన్స్ ఎన్ని మిల్లీమీటర్లో చెప్పాలె, ఎఫ్ నంబరు, అంటె లెన్స్ రంధ్రం ఎంత తెరిచినమో చెప్పే అంకె, మనిషి ఎంత దూరంల ఉన్నడో కొట్టాలె, ఇగ అది ఇక్కడి నుంచి ఇక్కడి దాక సాఫ్‌గ వస్తది, దానికి ముందల వెనక మసకనే అని మీటర్లల్ల చూపెడ్తది. వాడు అంకెలు మంచిగనే చదివిండు గని "అన్నా, డెప్త్ అంటె లోతు కదా, ఫీల్డ్ అంటె పొలం, పొలం లోతేందన్నా" అన్నడు. నవ్విన గని జవాబు రాలే నాకు.

నిజంగనే లోతు అంటె మనకు బాయి లోతు, చెరువు లోతు, అంత కిందికి పోవుడే. కెమెరా ముందల కిందికి పోయేదేమున్నది, ఎదురుంగ పోవుడే కదా. మడిగె కిరాయికి అడిగినా ముఖం పది ఫీట్లు, లోపటికి ఇరవై అంటరు, లోతు ఇరవై అని నేనైతె వినలే.

ఈ లొల్లి ఎందుకొచ్చిందంటె మొన్న ఒక పెండ్లిల ముసలోళ్ళిద్దరిని కుర్సీలల్ల కూసోవెట్టి కొడుకులు కోడండ్లను వెనక నిలవెట్టినం. ఫుల్ ఫ్రేమ్ కెమెరా, 50 లెన్స్, మావోడు 4 మీటర్ల దూరంల నిలవడి మండపంల లైటు తక్కువున్నదని ఎఫ్ 1.8 మీద కొట్టిండు. ముసలాయన మీసం పోగు పోగు కనవడ్తున్నది, వెనక పెద్ద కోడలు ముఖం అలుక్కపోయింది. ఆల్బం చూసి ఆమె "నన్నే ఎందుకు చెరిపిన్రు" అన్నది, ఇంట్ల ఏమున్నదో ఏమో మనకు తెల్వది, నేనైతె తలకాయ కిందికి వేసిన. ఇంటికొచ్చి ఆప్‌ల కొడితె 3.7 మీటర్ల నుంచి 4.4 దాకనే సాఫ్, అంటె కుర్సీ వెనక 37 సెంటీమీటర్లు, ఆమె నిలవడ్డది ఆ కుర్సీకి మీటరు వెనక. అదే ఎఫ్ 5.6 పెట్టి ఉంటె 3.2 నుంచి 5.4 దాక వచ్చు, అందరు ఒడ్డున పడుదురు. గీ "నుంచి దాక"కు తెలుగుల ఒక్క మాట కావాలె నాకు.

కాజీపేట మాస్టారు:
బాబూ, నేను ఫిజిక్స్ చెప్పి రిటైరయిన వాణ్ణి. మన తెలుగు మీడియం పుస్తకాల్లో లెన్స్ కటకం, ఫోకస్ నాభి, ఫోకల్ లెంగ్త్ నాభ్యంతరం, ఇవన్నీ పిల్లలు పరీక్షలో రాస్తారు, బయటికి వచ్చి ఒక్కడూ అనడు. క్షేత్ర గభీరత అని నేనిప్పుడే ఒకటి అల్లి ఇవ్వగలను, నా భార్య కూడా వాడదు. ఒక జాగ్రత్త మాత్రం చెప్తా, డెప్త్ ఆఫ్ ఫోకస్ వేరు, అది లెన్స్ వెనక బొమ్మ పడే సెన్సర్ పక్కది, నువ్వడిగేది లెన్స్ ముందు మనుషుల పక్కది, రెండిటికీ ఒకే మాట పెట్టకండి. ఇంకో ముచ్చట, ఫోకస్ అంటే లాటిన్‌లో పొయ్యి, 1604లో కెప్లర్ దాన్ని కాంతి శాస్త్రంలోకి తెచ్చాడు, భూతద్దం కాగితాన్ని కాల్చే చోటు కదా మరి. వాళ్ళకు పొయ్యి, మనకు నాభి, అంటే బొడ్డు.

మంచిర్యాల:
ఎందుకన్నా ఇదంత, డెప్త్ అంటె అందరికి సమజైతది. బ్లర్ కొట్టు అంటె ఇంకా జల్ది సమజైతది.

హన్మకొండ కెమెరా:
తమ్మీ, బ్లర్ అంటె మసక వచ్చిన తావు, నేనడిగేది మసక రాని తావు. మసకకు మాటలు మస్తున్నయి, అవుట్ అయింది అంటం, సాఫ్ట్ వచ్చింది అంటం, ఇప్పుడు బొకే గూడ వచ్చె. అది జపాన్ మాట, అక్కడ మసకకు గూడ అదే, ముసలితనంల మతి మసకవారుడుకు గూడ అదేనట, 1997ల ఒక అమెరికా ఫొటో పత్రిక రాసినంక ఇంగ్లీషుల పాకింది. మన నాయనమ్మలు "కండ్లు మసకలైనయి బిడ్డా" అంటరు సూడు, దగ్గరదగ్గరనే ఉన్నది. ఆమెనే సూదిల దారం ఎక్కిచ్చేటప్పుడు కండ్లు చిట్లిస్తది కదా, ఎఫ్ నంబరు పెంచుడు అంటె అదే, సందు చిన్నగ చేస్తె సాఫ్‌గ కనవడే జాగ పెరుగుతది. పిలగానికి గట్ల చెప్తెనే ఎక్కింది, నంబరు పెద్దగైతె రంధ్రం చిన్నగెందుకైతదని అంతకుముందు వారం రోజులు నన్ను తిన్నడు.

జమ్మికుంట అక్క:
మేర అనరాదు తమ్ముడు? కనుచూపు మేర అంటం, ఎంత మేర తడిసింది అంటం. నుంచి దాకకు మాట అడిగితివి కదా, అదే.

మెట్‌పల్లి దర్జీ:
అక్కా మేము మేరోళ్ళమే 😀 మా తాత మెడల టేపు తియ్యకుండ బతికిండు. నుంచి దాక కొలుసుడు మా ఇంటి పనే, పేరు వాడుకున్నందుకు పైసలేం అడగం.

కాజీపేట మాస్టారు:
అడగాలయ్యా. పాతకాలం కల్లం దగ్గర ఊరి పనివాళ్ళకు ఇచ్చే వడ్ల వంతును కూడా మేర అనేవారు, నీకు ఒక కుంచెడు రావాలి. అమ్మా జమ్మికుంట, మంచి మాట పట్టావు. పొలిమేరలో ఉన్నది అదే, పొలం, మేర.

హన్మకొండ కెమెరా:
సార్ ఆగున్రి ఆగున్రి. పిలగాడు అడిగిన పొలం గిక్కడున్నది! మీరే పైన నాభి అంటె బొడ్డు అన్నరు. మా ఊర్ల నడిమిట్ల బొడ్రాయి ఉంటది, ఊరి చుట్టు పొలిమేర ఉంటది. ఫోకస్ పెట్టిన తావు బొడ్రాయి, ఇవతల ఒక పొలిమేర, అవతల ఒక పొలిమేర, ఆ రెండిటి నడుమ ఉన్నోళ్ళందరు ఊరోళ్ళు, సాఫ్‌గ కనవడ్తరు. పెద్ద కోడలును మావోడు ఊరవతల నిలవెట్టిండన్నట్టు.

బొడ్రాయి ఊరికి సరిగ్గ నడుమ ఉండాలని లేదు, గిక్కడ గూడ గంతే, 4 మీటర్లకు 5.6 పెడితె ముందల 84 సెంటీమీటర్లు, వెనక 1.45 మీటర్లు. వెనక పొలం ఎక్కువ. బొడ్రాయి దూరం జరుపుకుంట పోతె వెనక పొలిమేర ఇంకింత పారిపోతది, ఒక కాడికి పోయినంక ఇగ హద్దే ఉండదు, దాన్నే ఆప్‌ల హైపర్‌ఫోకల్ అంటరు. వరంగల్ కోటల తోరణం కాడ 24 లెన్స్ ఎఫ్ 11 పెట్టి 1.8 మీటర్ల కాడ ఫోకస్ చేస్తె ముందలున్న రాయి 0.9 మీటర్ల నుంచి మొదలువెట్టి తోరణం, ఎనుక ఆకాశం దాక అంత సాఫే. దానికి కనుచూపు మేర అని పెడ్త నేను, అక్కకు దండం.

జమ్మికుంట అక్క:
మరి సాఫ్ వచ్చే జాగ తక్కువుంటె షాలో అంటరు కదా మీరు, దానికి?

హన్మకొండ కెమెరా:
చిన్న మేర. రామప్పల శిల్పాన్ని 85 లెన్స్ ఎఫ్ 1.8 మీద రెండు మీటర్ల నుంచి తీస్తె మేర 6 సెంటీమీటర్లు గూడ లేదు, ముక్కు సాఫ్ వస్తది చెవి మసక. లోతు తక్కువ అంటె గిది అస్సలు సమజ్ కాదు.

మంచిర్యాల:
సరే మేర ఓకే అన్నా. ఆప్ సెట్టింగుల సర్కిల్ ఆఫ్ కన్ఫ్యూజన్ అని 0.03 ఉంటది, దాన్నేమంటరు? కన్ఫ్యూజన్ చౌరస్తా?

హన్మకొండ కెమెరా:
నీ నోట్ల చక్కెర వొయ్య. ఇంకు చుక్క పేపరు మీద వడితె పీల్చుకొని ఉబ్బుతది సూడు, గట్ల ఫోకస్ తప్పిన చుక్క సెన్సర్ మీద బిళ్ళ లెక్క ఉబ్బుతది. 0.03 మిల్లీమీటర్ల దాక ఉబ్బినా మన కన్ను దాన్ని చుక్కనే అనుకుంటది. అదిగూడ 8 బై 10 ఇంచుల ప్రింటు చేతిల పట్టుకొని చూసెటోనికి. మనం ఆల్బంల 12 బై 36 పేజీ నిండ పరుస్తం, అక్కడ ఆప్ సాఫ్ అన్నది గూడ మసకనే కొడ్తది. అందుకే ఆప్ చెప్పిన మేర అంచుల మనిషిని నిలవెట్టద్దు అని చెప్తున్న వానికి. ఉబ్బుచుక్క అందామా?

కాజీపేట మాస్టారు:
ఉబ్బుచుక్క బాగుంది. పుస్తకంలోకి ఎక్కదు, అదే దాని అదృష్టం.

హన్మకొండ కెమెరా:
పొద్దున మావోడు పరకాల దిక్కు పెండ్లికి పోయిండు, ఇప్పుడే మెసేజ్ పెట్టిండు. "అన్నా 5.6 పెట్టిన, మేర రెండు మీటర్ల చిల్లర, కోడండ్లందరు పొలిమేర లోపట్నే ఉన్నరు, బావమరిది ఒక్కడు బయటున్నడు, ముందటికి రమ్మంటె వస్తలేడు."